ప్రభుదాసు దాచిన ఫిల్ము

నరసరావుపేటలోని ఆ నర్సింగ్ హోములో పాతికేళ్ళుగా ఎక్స్‌రే గదికి ప్రభుదాసే రాజు, ప్రభుదాసే మంత్రి. ఆయన ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాలి, వదలమంటే వదలాలి. గురజాల వకీలైనా, మాచర్ల బియ్యం వ్యాపారైనా చొక్కా విప్పి ఆయన చెప్పిన పక్కకే తిరగాలి. అలాంటి మనిషికి యాభై ఎనిమిదో ఏట ఇరవై నాలుగేళ్ళ ఆడపిల్ల మీద అసూయ పుట్టింది.

పోనీలే అనుకునేంత అసూయ కాదది. పొద్దున పళ్ళు తోముకుంటుండగా మొదలై, పగలంతా వెంట తిరిగి, పడుకోబోయే ముందు చేసే ప్రార్థనలోకి కూడా దూరేది. "ప్రభువా, అందరినీ దీవించు" అంటూనే లోపల్లోపల ఒకరిని మినహాయించేవాడు. చర్చి సంఘపెద్దగా ఆదివారం పూట అరగంట ఆగకుండా ప్రార్థన చేయగల మనిషి, ఆ ఒక్క పేరు దగ్గర మాత్రం నోరు మెదిపేవాడు కాదు.

ఆ పేరు అబిదా. స్టేషను రోడ్డులో రేడియోలు బాగుచేసే సర్దార్ కూతురు. స్క్రూడ్రైవర్ల మధ్య పెరిగిందేమో, మిషనంటే భయం లేదు. గుంటూరులో రేడియోగ్రాఫరు కోర్సు చదివి సర్టిఫికెట్టు తెచ్చుకుంది. 1984 ఎండాకాలంలో డాక్టరు రామబ్రహ్మం గారు పెద్ద మిషను కొన్నారు. మిషనుతో పాటు ఆ పిల్లా వచ్చింది.

"దాసూ, మిషను సంగతి అమ్మాయి చూసుకుంటుంది. నువ్వు డార్క్‌రూము చూసుకో. ఫిల్ము కడగడంలో నీ చేతికి తిరుగులేదు" అన్నారు డాక్టరు గారు.

వినడానికి మెప్పుకోలులాగే ఉంది. జరిగింది మాత్రం వెలుతురు గదిలో ఉన్న మనిషిని పక్కనున్న చీకటి గదిలోకి నెట్టడం. పెద్దవాళ్ళు మనిషిని దించేటప్పుడు దండ వేసి మరీ దించుతారు.

ఇక చూడండి. కడుపునొప్పి అని వచ్చినవాళ్ళకు బేరియం తాగిస్తారు కదా, సుద్దనీళ్ళలా చిక్కగా ఉండే మందు. ఎక్స్‌రే దాన్ని దాటి పోలేదు. అది పారిన చోటల్లా ఫిల్ము మీద తెల్లగా పడుతుంది, పేగు వంపూ పుండూ ఆ తెలుపును బట్టే తెలుస్తాయి. ప్రభుదాసు రోజుల్లో ఆ బేరియం తాగడానికి రోగులు ముక్కు మూసుకునేవాళ్ళు, సగం మంది కక్కేవాళ్ళు. అబిదా దాన్ని రెండుసార్లు పల్చటి గుడ్డలో వడకట్టి, చిటికెడు ఏలకుల పొడి వేసి, కుండ పక్కన పెట్టి చల్లబరిచి ఇచ్చేది. ఒకరోజు క్రోసూరు రైతొకాయన గ్లాసు ఖాళీ చేసి, "ఇంకొంచెం ఉందా అమ్మాయ్?" అని అడిగాడు. డార్క్‌రూము తలుపు సందులోంచి ఆ మాట విన్న ప్రభుదాసుకు ఒళ్ళు భగ్గుమంది. ఏలకుల పొడి! ఇన్నేళ్ళలో తనకెందుకు తట్టలేదు? ఆ పూట అన్నం సయించలేదు.

బేరియం పరీక్షకు ఒక పద్ధతి ఉంది. మందు తాగించకముందే ఒక ఫిల్ము తీస్తారు. దాన్ని ప్లెయిన్ ఫిల్ము అంటారు. ఖాళీ కడుపు ఎలా ఉందో ముందే చూసుకుంటే, ఆ తర్వాత కనపడే తెలుపులో మందు ఏదో, మందు కానిది ఏదో తేలుతుంది. పేగుకు చిల్లుంటే కూడా దీంట్లోనే పట్టుబడుతుంది, అప్పుడు మందు తాగించరు. తీసిన ఫిల్మును డార్క్‌రూములో కడిగి, తడిగా ఉండగానే చూసి, లోపల్నుంచి "బాగుంది, తాపు" అని కేకేస్తే, అప్పుడు బయట మందు తాగించాలి. ఆ ఆసుపత్రిలో ప్రభుదాసుకు మిగిలిన అధికారం అదొక్కటే. ఆ కేక కోసం అబిదా గ్లాసు పట్టుకుని నిలబడాల్సిందే. ఒక్కోసారి కావాలనే రెండు నిమిషాలు ఆలస్యం చేసేవాడు.

ఆ సోమవారం పొద్దున క్రోసూరు నుంచి ఆరోగ్యమ్మ వచ్చింది. అక్కడి మిషన్ బడిలో టీచరమ్మ, యాభై రెండేళ్ళ మనిషి. తోడుగా అక్క జ్ఞానమ్మ. నాలుగు నెలలుగా అన్నం తిన్న రెండు గంటలకు పొట్టలో మంట, నొప్పి. డాక్టరు గారు బేరియం రాశారు. అబిదా ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, కబుర్లు చెబుతూ ప్లెయిన్ ఫిల్ము తీసి, ఫిల్ము బిగించిన కాసెట్టును డార్క్‌రూము కిటికీలోంచి అందించింది.

ఎర్రదీపం వెలుగులో ఫిల్మును డెవలపరులో ముంచి, నీళ్ళలో కడిగి, ఫిక్సరులో ఉంచి, పైకెత్తి చూశాడు ప్రభుదాసు. ఎడమవైపు పక్కటెముకల కింద తెల్లటి మరక.

మొట్టమొదట ఆయనకు కలిగింది సంతోషం. దొరికింది! నిన్నటి రోగి కక్కిన బేరియం కాసెట్టు మీద పడి ఉంటుంది. తుడవకుండా పెట్టేసింది. సర్టిఫికెట్లు గోడకు వేలాడదీస్తే సరా, కాసెట్టు తుడవొద్దూ? ఈ ఫిల్ము డాక్టరు గారి ముందు పెట్టి ఏ మాట అనాలో కూడా క్షణంలో కూర్చుకున్నాడు.

ఇంకోసారి దీపానికి దగ్గరగా పట్టి చూశాడు. చిందిన మరకకు ఇంత తీరైన ఆకారం ఉండదు. ఉప్మా రవ్వ చల్లినట్టు చుక్కలు చుక్కలుగా, అచ్చం బల్ల ఆకారంలో ఉంది. బల్ల అంటే చెక్కబల్ల కాదు, కడుపులో ఎడమపక్కన ఉండేది, డాక్టర్లు ప్లీహం అంటారే, అది. కుడివైపున కాలేయం మీదా సన్నటి వలలాగా తెలుపు పరుచుకుని ఉంది.

ప్రభుదాసుకు ఇది కొత్త కాదు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట చూశాడు దీన్ని.

ఆయన తన ఇరవయ్యో ఏట మద్రాసులో ఒక ఆసుపత్రిలో డార్క్‌రూము పని నేర్చుకున్నాడు, నాలుగేళ్ళు. అప్పట్లో అక్కడ థోరియం మందు వాడేవాళ్ళు. థోరియం అనే లోహాన్ని భస్మం చేసి, కంటికి ఆనని రేణువులుగా నీళ్ళలో కలిపిన మందు. ఎంత సన్నటి రేణువులంటే, సీసా ఏడాదిపాటు కదపకుండా ఉంచినా అడుక్కు దిగేవి కావు. బేరియంలాగా తాగించేది కాదు, సూదితో నెత్తురులోకే ఎక్కించేవాళ్ళు. ఆ రేణువుల్ని కాలేయమూ బల్లా పట్టుకుని తమలోనే ఉంచేసుకునేవి. ఫిల్ము మీద రెండూ సున్నం వేసినట్టు తెల్లగా వచ్చేవి. డాక్టర్లు చప్పట్లు కొట్టినంత పని చేసేవాళ్ళు. ఒకసారి కొత్త ఫిల్ముల పెట్టెను ఆ సీసాలున్న బీరువాలో పెట్టి మరిచిపోయారు. కొన్నాళ్ళకు తీసి కడిగితే పెట్టెడు ఫిల్ములూ నల్లగా మాడిపోయి ఉన్నాయి. మందులోంచి దానంతటదే కిరణాలు వస్తున్నాయన్నమాట. ఒంట్లోకి పోయింది బయటికి రాదనీ, ఏళ్ళ తరబడి లోపల అలాగే కిరణాలు చిమ్ముతూ హాని చేస్తుందనీ తేలాక ఆ మందు మానేశారు.

ఈ చుట్టుపక్కల ఈ ఫిల్మును గుర్తుపట్టగలిగిన మనిషి తనొక్కడే. చదువుకున్న అబిదాకు తెలీదు. ఆ మాటకొస్తే డాక్టరు రామబ్రహ్మం గారికీ కంటితో చూసిన అనుభవం లేదు. ప్రభుదాసుకు ఎన్నాళ్ళ తర్వాతో ఛాతీ విప్పుకుంది.

ఏం చేయాలి? వెంటనే తలుపు తీసి చెప్పాలి. చెప్పవచ్చు. కానీ అప్పుడేమవుతుంది? "అలాగా బాబాయ్" అని ఆ పిల్ల డాక్టరు దగ్గరికి పరిగెత్తుతుంది, ఆ మాట ఆమె నోటి మీదుగానే ఆయనకు చేరుతుంది. కాదు. ముందు వాళ్ళిద్దరూ ఆ తెలుపేమిటో తెలియక బుర్రలు గోక్కోవాలి. పుస్తకాలు తిరగెయ్యాలి. అప్పుడు తను నింపాదిగా చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఈ ప్లెయిన్ ఫిల్ము ముందు పెట్టి, "ఇది థోరియం సార్" అనాలి. అంతే. అంతకంటే ఆయన కోరింది ఏమీ లేదు, పాపం.

"ఎట్టా ఉంది బాబాయ్? తాపించమంటావా?" తలుపు అవతల నుంచి అబిదా గొంతు.

ప్రభుదాసు ఆ ఫిల్మును నల్లతెర వెనక మూలన ఉన్న కొక్కేనికి తగిలించాడు.

"బాగుందమ్మాయ్. తాపు" అని కేకేశాడు.

తర్వాత నాలుగు ఫిల్ములు వచ్చాయి. నాలుగింటినీ శ్రద్ధగా కడిగాడు. అన్నిట్లోనూ బేరియం నిండిన పొట్ట, దాని చుట్టూ ఆ తెలుపు. అబిదా చూసి కంగారుపడింది. "ఇదేంది బాబాయ్, ఇటూ అటూ ఇంత తెల్లగా ఉంది? ప్లెయిన్‌లో ఇది లేదుగా?" అంది.

"డాక్టరు గారు చూస్తార్లే" అన్నాడు ప్రభుదాసు. లోపల చక్కిలిగింతలు పెట్టినట్టుంది ఆయనకు.

పదకొండింటికి డాక్టరు గారు వచ్చారు. ఫిల్ములు ఒక్కొక్కటే వెలుగుపెట్టె మీద పెట్టి చూశారు. ప్రభుదాసు అనుకున్నట్టు ఆయన బుర్ర గోక్కోలేదు, పుస్తకమూ తెరవలేదు. ఆయన మొహం పాలిపోయింది.

"బేరియం లీకయింది" అన్నారు. "పుండు చిల్లుపడి మందంతా కడుపులోకి కారింది. ఇటు కాలేయం మీదికి, అటు బల్ల మీదికి. ఆలస్యం చేస్తే మనిషి దక్కదు. చిలకలూరిపేట నుంచి మత్తు డాక్టర్ని పిలిపించండి. మూడింటికి కడుపు తెరవాలి."

డాక్టరు గారు అబిదా వైపు తిరిగారు. "ప్లెయిన్ తీశావా?"

"తీశాను సార్. బాబాయ్ చూసి బాగుందన్నాకే తాపించాను."

"ఏది, ఎక్కడుంది? దాసూ!"

ఇదీ సమయం. నల్లతెర వెనక్కి నాలుగడుగులు వేస్తే చాలు. ప్రభుదాసు వేయబోయాడు కూడా. అంతలో డాక్టరు గారు విసురుగా అన్నారు: "పాతికేళ్ళలో దాసు చేతి మీద ఇట్టాంటిది ఒక్కటి జరగలేదు. నిన్ను తెచ్చి మూడు నెలలు కాలేదు!"

ఎంత తీపిమాట! మూడు నెలలుగా ఆకలితో ఉన్న మనిషికి విందు వడ్డించినట్టయింది. అబిదా మొహం వాడిపోయింది. ఆ మొహం చూస్తుంటే ప్రభుదాసుకు హాయిగా ఉంది. చెప్పడానికి సిగ్గుపడాల్సిన మాటే, కానీ హాయిగానే ఉంది. ఇప్పుడు ఫిల్ము తెస్తే ఆ పిల్ల అన్నీ పద్ధతిగా చేసిందని తేలుతుంది. ఇంతసేపు ఎందుకు దాచావని తనను నిలదీస్తారు. మెప్పు పోయి తిట్లు మిగులుతాయి.

"నా చేతికి ప్లెయిన్ రాలేదు సార్" అన్నాడు.

అబిదా ఆయన కళ్ళలోకి చూసింది. "రేపట్నుంచి నువ్వు రావద్దు" అని ఆమెతో చెప్పి డాక్టరు గారు ఆపరేషన్ థియేటరు వైపు వెళ్ళిపోయారు.

ప్రభుదాసు డార్క్‌రూములో కూర్చుని క్యారేజీ విప్పాడు. కోరుకున్నది కోరుకున్నట్టు జరిగింది. మళ్ళీ వెలుతురు గది తనదే. రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు. ఇందాకటిదాకా తను ఆడుతున్నది తనకూ ఆ పిల్లకూ మధ్య ఆట అనుకున్నాడు. ఇప్పుడు దాని మధ్యలో ఒక మనిషి కడుపు ఉంది, దాని మీదికి కత్తి రాబోతోంది. చిల్లు లేని కడుపు. కోసి చూస్తే బేరియం చుక్క కూడా కనపడదు. మద్రాసులో ఆ మందు పడ్డవాళ్ళ కాలేయం ఎంత నాజూకుగా తయారవుతుందో పెద్ద డాక్టర్లు అనుకుంటుంటే విన్నాడు. కత్తి తగిలితే నెత్తురు ఆగదనేవాళ్ళు.

చెప్పేద్దామని రెండుసార్లు లేచాడు. ఇప్పుడు చెబితే దాచింది ఒక్కటే కాదు, ఆడిన అబద్ధమూ బయటపడుతుంది. డాక్టరు గారు అనుభవజ్ఞుడు, కోసే ముందు ఇంకోసారి చూడకపోతాడా అని రెండుసార్లూ కూర్చున్నాడు. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధాలకు సాక్షులు ఉండరు కాబట్టి తేలిగ్గా వస్తాయి.

రెండున్నర ప్రాంతంలో జ్ఞానమ్మ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అన్నయ్యా, మీరు సంఘపెద్దలంట గదా. మా చర్చి అయ్యగారికి కబురు చేసే టైము లేదు. చెల్లిని లోపలికి తీసకపోయే ముందు ఒక్కమాట ప్రార్థన చెయ్యండన్నయ్యా" అంది.

కాదనడానికి లేదు. సంఘపెద్ద అయినవాణ్ణి ఆపరేషనుకు పోయే మనిషి పిలిస్తే, కాదన్నవాడు ఈ చుట్టుపక్కల ఇంతవరకు లేడు. ప్రభుదాసు కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాడు.

ఆరోగ్యమ్మ మంచం మీద కూర్చుని ఉంది. చావు బతుకుల్లో ఉన్న మనిషిలా లేదు. అబిదా వెనక నిలబడి ఆమె జుట్టు రెండు జడలుగా అల్లుతోంది. పొమ్మన్నా పోలేదన్నమాట. ఏడ్చిన కళ్ళతోనే అల్లుతోంది. అది చూసి ప్రభుదాసుకు అంత బాధలోనూ చురుక్కుమంది. తప్పు మోపితే చేతులు కట్టుకుని పోవాలి గానీ, జడలెందుకు? రోగులంతా ఈ పిల్లనే ఎందుకు ఇష్టపడాలి?

"రాండన్నయ్యా" అంది ఆరోగ్యమ్మ. "నాకు నొప్పి కూడా చానా తగ్గింది, ఆకలేస్తంది. కడుపు చిల్లుపడితే ఆకలేసుద్దా? డాక్టరుగారు ఒప్పుకోడే. చిన్నప్పుడూ ఇంతే. నా పద్నాలుగో ఏట జొరం బల్ల పెరిగితే మా నాయన మద్రాసు తీసకపోయాడు. ఏందో సూదిమందు ఎక్కించి ఫోటోలు తీశారు. బల్ల తీసెయ్యాలన్నారు, మళ్ళీ వద్దన్నారు. అప్పుడు తప్పిన కత్తి ఇప్పుడు తప్పేట్టు లేదు."

అదే ఊరు, అదే సూదిమందు. ఇక అనుమానం అన్నదే లేదు.

"ముందు ఈ పిల్ల దువా చేసుద్దంటన్నయ్యా, చెయ్యనీండి" అంది ఆరోగ్యమ్మ. అబిదా తలమీద కొంగు కప్పుకుని, రెండు అరచేతులూ తెరిచి, పెదాలు కదిలించి, చేతులు మొహానికి రాసుకుంది. అర నిమిషం పట్టలేదు. తర్వాత అందరూ కళ్ళు మూసుకుని తలలు వంచారు. ఇక ఆయన వంతు.

"ప్రేమగల తండ్రీ, పరిశుద్ధుడా" అని ఎత్తుకున్నాడు ప్రభుదాసు. అలవాటైన మాటలు అలవాటైన దారిలో వచ్చాయి. "నీ కుమార్తె ఆరోగ్యమ్మను నీ చేతుల్లో పెడుతున్నాం తండ్రీ. నీ సేవకుడైన డాక్టరు గారి చేతులను..."

దీవించు, అనాలి. ఆ చేతుల్లో కత్తి కనపడింది. కత్తి పోయే చోటు కనపడింది. నోరు ఆగిపోయింది. "ఆమెన్" అందామా అనుకుని జ్ఞానమ్మ ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది.

"తండ్రీ" అన్నాడు మళ్ళీ. "ఆమె కడుపుకు చిల్లు లేదు తండ్రీ. ఆ తెలుపు బేరియం కాదు. నాకు పొద్దుట్నుంచీ తెలుసు. ప్లెయిన్ ఫిల్ము నా దగ్గరికి వచ్చింది. నేనే దాచాను. నల్లతెర వెనకాల, మూల కొక్కేనికి ఉంది తండ్రీ. ఆ పిల్ల తీసింది, పద్ధతిగానే తీసింది. నేను అబద్ధమాడాను."

"ఏందన్నయ్యా, ప్రార్థనలో ఈ ఫిల్ముల గొడవేంది?" అంది జ్ఞానమ్మ బిత్తరపోయి.

ఎవరో పరిగెత్తిన చప్పుడు. అబిదా ఆమెన్ కోసం ఆగలేదు. ప్రభుదాసు మాత్రం కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఎవరి మొహం చూడాలో తెలియక అలాగే బిగించి మూసుకుని, చేతులు జోడించి నిలబడ్డాడు. చివరికి డాక్టరు గారి చెయ్యి భుజం మీద పడింది.

"కళ్ళు తెరువు దాసూ. ఏమిటిది?"

ఆయన చేతిలో ప్లెయిన్ ఫిల్ము ఉంది. బేరియం పడని కడుపు, అయినా అదే తెలుపు. ప్రభుదాసు చెప్పాడు. మద్రాసు, థోరియం, సూదిమందు, నెత్తురులోంచి బల్లలోకి చేరి అక్కడే ఉండిపోయే రేణువులు. ఆరోగ్యమ్మ పద్నాలుగో ఏట జరిగింది అదే. డాక్టరు గారు ఎప్పుడో పుస్తకంలో చదివిన రెండు వాక్యాలు గుర్తు తెచ్చుకున్నట్టు తల ఊపారు. ఆరోగ్యమ్మ పొట్ట నొక్కి చూశారు. మెత్తగా ఉంది. చిల్లుపడ్డ పొట్ట చెక్కలా బిగుసుకుంటుంది. ఇందాక ఆ మాత్రం నొక్కి చూడకుండా ఫిల్మును నమ్మినందుకు తనను తానే తిట్టుకున్నారు. మళ్ళీ అబిదా తీసిన ఫిల్ములు తెప్పించి చూశారు. చిన్నపేగు మొదట్లో పుండు, చక్కగా, స్పష్టంగా ఉంది. మాత్రలతో మానే పుండు.

"కత్తి లేదమ్మా" అన్నారు.

జ్ఞానమ్మ భోరుమంది. ఆరోగ్యమ్మ ఏడవలేదు. ప్రభుదాసు వైపు తిరిగి, "ఆ భస్మం ఇంక పోదా అన్నయ్యా?" అని అడిగింది.

"పోదమ్మా. నీతోనే ఉంటది."

"గుంటూరు పెద్ద డాక్టర్లకు రాస్తాను. ఏటా కాలేయం చూపించుకోవాలి, మానకూడదు" అన్నారు డాక్టరు గారు. ఆరోగ్యమ్మ కాసేపు తన పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఆ తర్వాత కాఫీ అడిగింది.

బయట వరండాలో డాక్టరు గారు ఆగారు. "ఎందుకు చేశావు దాసూ?"

అబద్ధాలు అయిపోయాయి. "అసూయ సార్" అన్నాడు ప్రభుదాసు. "ఆ పిల్లంటే అసూయ."

డాక్టరు గారి చెవులు కోపంతో ఎర్రబడ్డాయి. "డార్క్‌రూము తాళం అమ్మాయికిచ్చి ఇంటికి పో. రేపటి సంగతి రేపు చూద్దాం. ఇప్పుడు నీ మొహం చూస్తుంటే నా నోటికి ఏమొస్తుందో నాకే తెలీదు" అని లోపలికి వెళ్ళిపోయారు.

ప్రభుదాసు తాళంచెవి అబిదా చేతిలో పెట్టి కండువా దులుపుకున్నాడు. ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది.

"కూర్చో" అంది. బాబాయ్ అనలేదు. "నా కళ్ళల్లోకి చూసి అబద్ధమాడావు. నా పొట్ట కొట్టాలనుకున్నావు. అది నేను మర్చిపోను. కానీ ఈ ఫిల్ము గురించి గుంటూరులో మాకు ఒక్కముక్క చెప్పలేదు. రేపు ఇట్టాంటి మనిషి ఇంకొకరు వస్తే, నువ్వు లేకపోతే, నేనూ లీకనే అనుకుంటా. నీకు తెలిసిందంతా చెప్పి పో."

నోటుబుక్కు తెరిచి పెన్ను పట్టుకుంది.

ప్రభుదాసుకు కోపం వచ్చింది, ఇంత జరిగాక కూడా. మిషను తీసుకుంది. గది తీసుకుంది. తాళం తీసుకుంది. ఈ చుట్టుపక్కల తనకొక్కడికే తెలిసిన సంగతి ఒక్కటుంటే, అదీ కావాలంటుంది. అది కూడా ఇచ్చేస్తే, రేపు డాక్టరు గారు ఏ తెల్లటి ఫిల్మో పట్టుకుని దాసూ అని పిలవాల్సిన అవసరమే ఉండదు.

అయినా కూర్చున్నాడు. ప్లెయిన్ ఫిల్మును వెలుగుపెట్టె మీద పెట్టి మొదలుపెట్టాడు. రవ్వ చల్లినట్టుండే చుక్కలు చూపించాడు. ఏళ్ళు గడిచేకొద్దీ బల్ల ఎలా కుంచించుకుపోతుందో, తెలుపు ఎలా చిక్కబడుతుందో చెప్పాడు. కాలేయం మీది వలను వేలితో గీసి చూపించాడు. రోగిని ఏమడగాలో చెప్పాడు, యుద్ధం రోజుల్లో పెద్ద ఊళ్ళో సూదిమందు ఎక్కించి ఫోటో తీశారా అని. ఆమె అడుగుతూ పోయింది, రాస్తూ పోయింది. మంచి ప్రశ్నలు అడిగింది. ఆ ప్రశ్నలు తాను మద్రాసులో అడిగి ఉంటే తనకు ఇంకా ఎక్కువ తెలిసేదనిపించింది, దానికీ అసూయపడ్డాడు.

"అంతేనా?" అంది అబిదా.

ఒకటి మిగిలింది. అన్నిటికంటే ముఖ్యమైనది. బల్ల తెల్లగా కనపడటానికి వేరే జబ్బులు కూడా ఉన్నాయి. ఇది థోరియమేనని ఇంచుమించు తేల్చిచెప్పే గుర్తు ఒకటుంది. మద్రాసు డాక్టరు ఒక సాయంత్రం తీరిగ్గా చూపించాడు. అది చెప్పకపోతే ఈ పిల్లకు ఎంత తెలిసినా సగమే తెలిసినట్టు. చెప్పకపోతే ఎవరికీ తెలీదు, అడిగేవాళ్ళూ లేరు. ఒక్కటి. ఒక్కటి దాచుకుంటే ఏమవుతుంది?

"అంతే" అన్నాడు ప్రభుదాసు.

అబిదా నోటుబుక్కు మూసింది. పెన్నుకు టోపీ పెట్టింది. ఆయన లేచి గుమ్మందాకా నడిచాడు. పక్కగదిలోంచి ఆరోగ్యమ్మ, కాఫీలో చక్కెర తక్కువైందని అక్కను కసురుకోవడం వినపడింది. కాసేపు అలాగే వింటూ నిలబడ్డాడు.

"అమ్మాయ్" అన్నాడు వెనక్కి తిరిగి. ఆ మాట బయటికి లాగుతుంటే నరం తెగినంత నొప్పిగా ఉంది. "పుస్తకం తెరువు. ఇంకోటుంది. బల్లని చూసి ఆగిపోబాకు. ఇదిగో, వెన్నెముక పక్కన, ఇక్కడ, ఈ చిన్న చిన్న బిళ్ళలు, గజ్జల్లో కట్టే బిళ్ళల్లాంటివే, తెల్లగా ఉన్నాయా లేదా చూడు."